కుర్రోళ్ళు పార్టీ పెడితే అసలు కష్టం ఎక్కడ మొదలవుద్ది?

నమస్తే అందరికీ. మొన్న కావలిలో టీ కొట్టు కాడ డిగ్రీ అయిపోయిన కుర్రోళ్ళు నలుగురు నన్ను పట్టుకున్నారు, "అన్నా, మనమే ఒక పార్టీ పెడితే ఎట్టుంటది?" అని. సీరియస్‌గానే అడిగారు, రామాయపట్నం పోర్టులో మన పిల్లోళ్ళకి ఉద్యోగాలు వస్తాయా రావా అని మొదలుపెట్టి అక్కడిదాకా వచ్చారు, అందుకే ఈ వీడియో.

పార్టీ పెట్టడం పెద్ద పని కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఏ సెక్షన్ ఉంది, ఓటు హక్కున్న 100 మంది సభ్యులు, ఒక నియమావళి, 10,000 ఫీజు, పార్టీ పెట్టిన 30 రోజుల్లోపు ఎన్నికల సంఘానికి అప్లికేషన్, అంతే. నిలబెట్టుకోవడమే కష్టం. ఆరేళ్ళలో ఒక్క ఎలక్షన్లో కూడా పోటీ చేయలేదని 2025 ఆగస్టులో 334 పార్టీల్ని లిస్టులోంచి తీసేశారు.

(స్క్రీన్ మీద: ఈవీఎం, గుర్తుల వరస)

ఇప్పుడు గుర్తు సంగతి. చిన్న పార్టీకి సొంత గుర్తుండదు. మన రాష్ట్రంలో 175 సీట్లలో కనీసం 5 శాతం, అంటే 9 చోట్ల నిలబడితేనే అందరికీ ఒకే గుర్తు అడగొచ్చు, లేదంటే నామినేషన్ల ఉపసంహరణ అయ్యాక ఎవరి గుర్తు వాళ్ళకే, అప్పటికి పోలింగ్‌కి ఇంచుమించు రెండు వారాలే ఉంటది. నేను ఒకసారి ఇండిపెండెంట్‌గా నిలబడ్డ మా ఊరి కుర్రోడి తరఫున బూత్ ఏజెంటుగా కూర్చున్నా. తెల్లారి ఐదున్నరకే మాక్ పోల్, అంటే ఈవీఎం సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే ఉత్తుత్తి ఓటింగ్, చేతిలో ఓటరు లిస్టు, పెన్ను. మధ్యాహ్నం ఒక అవ్వ ఓటేసి బయటికొచ్చి మావోడితో "నీకే వేద్దామనుకున్నా నాయనా, బొమ్మ గుర్తు రాలా" అనింది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తది.

డిపాజిట్ అసెంబ్లీకి 10,000, ఎస్సీ ఎస్టీలకి అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే పోద్ది, అంటే 1,80,000 ఓట్లు పోలైతే 30,000 పైన రావాలి.

మరి ఎవరూ గెలవలేదా అంటే గెలిచారు. అస్సాంలో విద్యార్థి ఉద్యమం నుంచి పుట్టిన అసోం గణ పరిషత్ 1985లో పార్టీ పెట్టిన కొన్ని నెలలకే అధికారంలోకి వచ్చింది, ప్రఫుల్ల కుమార్ మహంత 33 ఏళ్ళకే ముఖ్యమంత్రి అయ్యారు. కానీ దాని వెనక 1979 నుంచి ఆరేళ్ళ పోరాటం ఉంది, అది మర్చిపోవద్దు. యాడో ఎందుకు, మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రోశమ్మ, ఆ ఊరి ఆడోళ్ళు సారా కొట్టు మూయించారు, వాళ్ళకి పార్టీ లేదు, గుర్తు లేదు, 1993 అక్టోబరుకి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. గుర్తు రెండు వారాల ముందు వస్తది, మనిషి మాత్రం ఏళ్ళ ముందే జనానికి తెలిసుండాలి అనేది నా గట్టి నమ్మకం.

అందుకే ఆ పిల్లోళ్ళకి చెప్పా, ఎమ్మెల్యేకి 25 నిండాలి, పంచాయతీకైతే 21 చాలు, సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులే ఉండవు, పెద్ద పార్టీ వాడైనా మీరైనా అక్కడ ఒకటే. ముందు మీ బూత్ ఓటరు లిస్టు డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోండి అబ్బయా, ఎవరు చనిపోయారు, ఎవరు చెన్నై, హైదరాబాద్ పోయారు, 18 నిండినా ఎవరి పేరు ఎక్కలా, ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. ఆ లిస్టు ఎట్ట చదవాలో వచ్చే వీడియోలో చూపిస్తా.