అభిమానులున్నారు, సభ్యుల్లేరు

అందరికీ నమస్కారం.

ఫుట్‌బాల్ గురించి మాట్లాడతానంటే ఇంతమంది వస్తారని అనుకోలేదు. బయట బోర్డు సరిగ్గా చూడక క్రికెట్ అనుకుని వచ్చినవాళ్లుంటే మొహమాటపడకండి, కూర్చోండి. ఈ ఊళ్లో అది మామూలే.

2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్లిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. అదేదో గల్లీ జట్టు కాదు. 2022లో దేశంలో అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన జట్టు. నాలుగేళ్లు తిరక్కుండానే ఊరే మారిపోయింది. ధర్నాల్లేవు, పెద్ద గొడవ లేదు. ఎందుకని? ఇవాళ నేను మాట్లాడదలచుకుంది ఆ ప్రశ్న గురించే. మనకి ఫుట్‌బాల్ అంటే ప్రేమ లేకపోవడం వల్ల అంటారు చాలామంది. నేను ఒప్పుకోను.

ఒప్పుకోకపోవడానికి కారణం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఇక్కడున్న పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు, పిల్లల కోసం చెబుతున్నాను. 1950లో ఆ జట్టు డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా క్లబ్ మోహన్ బగాన్‌ని ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు తెచ్చుకుంది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. అలాంటిది, కలకత్తా క్లబ్బులు మన పోలీసులతో మ్యాచ్ పడిందంటే టెన్షన్ పడే రోజులవి.

ఆ జట్టు వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950 నుంచి పోలీస్ జట్టుకి కోచ్. భారత జట్టుకీ ఆయనే కోచ్. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో మనం ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది ఆయన చేతిమీదుగానే. ఇవన్నీ ఇప్పుడు కాస్తో కూస్తో అందరికీ తెలుసు. నాకు ఇంకా ఇష్టమైంది ఆయన పిల్లల కోసం పెట్టిన పోటీలు. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి వచ్చిందా, పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో అలవాటైన కాలితో కాకుండా రెండో కాలితోనే ఆడాలి. రెండు కాళ్లూ పనిచేసే ఆటగాళ్లు కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఆ పంతులుగారికి తెలుసు.

ఆ పిల్లలు ఎక్కడివాళ్లు? బార్కస్‌లో ఒకప్పుడు నిజాం కొలువుకి వచ్చిన అరబ్బు కుటుంబాల వాళ్లు. కంటోన్మెంట్ బస్తీల వాళ్లు. తర్వాత భారత జట్టుకి ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టాడు. వాళ్లది తమిళ కుటుంబం. అరబ్బు, తమిళ, తెలుగు, ఉర్దూ ఇళ్ల పిల్లలు ఒకే బంతి వెంట పరిగెత్తేవాళ్లు. పోలీసు జట్టులో చోటు దొరికితే ఉద్యోగం కూడా దొరికేది. పేదింటి కుర్రాడికి అది మామూలు విషయం కాదు. సాయంత్రం గ్రౌండుకి వెళ్తానంటే కొట్టే తండ్రి, అదే గ్రౌండు నుంచి సర్కారు నౌకరీ వస్తుందంటే ఏమంటాడు? స్థానిక జట్టు ఊరికి ఏమిస్తుందని అడిగితే నేను ముందు ఈ మాటే చెబుతాను. గర్వం, గుర్తింపు ఆ తర్వాత.

మరి అంత గొప్ప జట్టు ఏమైంది? 1963లో రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో పోయారు. దానికి ముందే మంచి ఆటగాళ్లు కలకత్తా బాట పట్టారు. బలరాం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. తర్వాత నయీముద్దీన్, హబీబ్ కూడా అక్కడే పేరు తెచ్చుకున్నారు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే, మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన ఇద్దరిలో ఒకడు మన మహ్మద్ హబీబ్. ఆ మ్యాచ్ రెండు–రెండుతో సమమైంది. కలకత్తా వాళ్లు ఆయన్ని ఇప్పటికీ బడే మియా అంటారు. ఇక్కడ ఆయన ఇల్లు ఏ వీధిలో అంటే చెప్పగలిగేవాళ్లు ఎంతమంది?

పోలీస్ జట్టు మ్యాచ్‌లకి జనం రాలేదా? విరగబడి వచ్చేవారు. కానీ ఆ జట్టు డిపార్ట్‌మెంటుది. పై అధికారికి ఆటమీద ఇష్టముంటే నడిచింది, లేకపోతే మందగించింది. చప్పట్లు కొట్టేవాడికి అందులో మాట చెల్లదు. కలకత్తా క్లబ్బులు అలా కాదు. అక్కడ సభ్యత్వం ఉంటుంది, కార్డు ఉంటుంది, కమిటీకి ఎన్నికలుంటాయి. ఆ ఎన్నికల్లో రాజకీయాలు, కుమ్ములాటలు బోలెడు, నాకు తెలుసు. అయినా చూడండి. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టు ఏటీకే అనే ఒక కార్పొరేట్ జట్టుతో కలిసి, పేరు ముందు ఆ మాట తగిలించుకుంది. అభిమానులు ఊరుకోలేదు. ఆ మూడక్షరాలు తీసెయ్యమని స్టేడియంలో బ్యానర్లు కట్టారు, నినాదాలు చేశారు. 2023లో జట్టు ఐఎస్ఎల్ కప్పు గెలిచింది, అదే ఏడాది ఏటీకే అన్న మాట పోయింది. కోట్లు పెట్టిన యజమాని కూడా దిగిరావాల్సి వచ్చింది.

ఇప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీకి వద్దాం. 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో ఇది వచ్చింది. మొదటి సీజన్లో అట్టడుగున ఉంది. తర్వాత రెండు సీజన్లూ కరోనా వల్ల మొత్తం గోవాలోనే జరిగాయి. అంటే, కప్పు గెలిచిన ఏడాది ఈ జట్టు హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు! ఫైనల్ నాడు ఫటోర్డా స్టేడియం నిండా పసుపు రంగే, కానీ అందులో ఎక్కువమంది కేరళ బ్లాస్టర్స్ అభిమానులు. రెండు జట్లదీ పసుపే మరి. 88వ నిమిషంలో మన సాహిల్ టవోరా స్కోరు సమం చేశాడు, షూటవుట్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, మూడు–ఒకటితో గెలిచాం. ఆ జట్టులో ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడు ఒక్కడూ లేడు. అయినా ఇక్కడ టీవీల ముందు కూర్చున్నవాళ్లకి అది మన జట్టే. డెక్కన్ లీజియన్ పేరుతో కుర్రాళ్లు డ్రమ్ములు పట్టుకుని గచ్చిబౌలిలో ఒక స్టాండుని తమది చేసుకున్నారు. ఆటగాడు ఎక్కడివాడన్నది అభిమానికి పట్టదు, జట్టు ఎక్కడుంటుందన్నదే పడుతుంది.

2023–24లో ఆటగాళ్లకి జీతాలు సమయానికి అందక పేరున్నవాళ్లంతా వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో సీజన్ నెట్టుకొచ్చారు. మొత్తం సీజన్లో ఒక్కటే గెలుపు. ఆ ఏడాది స్టేడియానికి వెళ్లినవాళ్లకి నేను దణ్ణం పెడతాను. కొత్త యజమానులు వచ్చారు, ఇంకో ఏడాది గడిచింది, ఆపైన ఢిల్లీ. అంతా చట్టప్రకారమే జరిగింది. లైసెన్సు వాళ్లది, వాళ్లిష్టం. గచ్చిబౌలి స్టాండులో గొంతు పోగొట్టుకున్న కుర్రాడిని ఒక్క మాటైనా అడగాల్సిన అవసరం ఏ కాగితంలోనూ లేదు.

ఇలాంటిదే లండన్‌లో జరిగింది. 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్ ఎత్తుకుపోయిన వింబుల్డన్ జట్టుని, మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించుకోవచ్చని 2002లో అనుమతిచ్చారు. అభిమానులు కొన్నాళ్లు ఏడ్చారు, ఆ తర్వాత వారాల్లోనే సొంతంగా క్లబ్ పెట్టారు. ఏఎఫ్‌సీ వింబుల్డన్. ఆటగాళ్ల కోసం అక్కడి పార్కులో సెలెక్షన్లు పెట్టారు, ఎవరైనా వచ్చి ఆడి చూపించొచ్చు. తొమ్మిదో అంచెలో మొదలై 2011కల్లా నాలుగో అంచెకి, అంటే ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చేశారు. 2020లో తమ పాత పేట ప్లవ్ లేన్‌లో కొత్త స్టేడియం కట్టుకున్నారు. ఆ క్లబ్బులో పెద్ద వాటా ఇప్పటికీ అభిమానుల ట్రస్టుదే.

మన దగ్గర అది కుదురుతుందా అని అడుగుతారు. ఐఎస్ఎల్ స్థాయిలో కుదరదు, అంత డబ్బు చందాలతో రాదు. అజీజ్‌నగర్‌లో శ్రీనిధి డెక్కన్ ఉంది, ఐఎస్ఎల్ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో రెండుసార్లు రెండో స్థానంలో నిలిచింది. వెళ్లి చూడండి, బాగా ఆడతారు. అదీ యజమాని జట్టే, కాదనను. కానీ స్థానిక లీగ్‌లో ఆడే చిన్న క్లబ్బుల సంగతి వేరు. వాటికి కావలసింది కోట్లు కాదు. బంతులు, బూట్లు, గ్రౌండు అద్దె, ఆదివారం పొద్దున్నే వచ్చే నలుగురు మనుషులు.

కాబట్టి నాది ఒక్క విన్నపం. మీ ఇంటికి దగ్గర్లో బార్కస్ వైపో, సికింద్రాబాద్ వైపో ఏ క్లబ్ ఆడుతుందో కనుక్కోండి. ఒక మ్యాచ్ చూడండి. అయిపోయాక కార్యదర్శి ఎవరో అడిగి ఆయన్ని పట్టుకోండి. సాధారణంగా వలలు మడతపెడుతున్న మనిషే కార్యదర్శి అయ్యుంటాడు. బాగా ఆడారండీ అని వచ్చేయకండి. సభ్యత్వం ఎంత, రసీదు ఇస్తారా, సర్వసభ్య సమావేశం ఎప్పుడు పెడతారు అని అడగండి. సభ్యత్వమే లేదంటారా, పెట్టమనండి, మొదటి రసీదు మీ పేరు మీద రాయించుకోండి.