సన్న ల్యాప్‌టాప్‌లో పెళ్లి డీవీడీ ఆడుతుందా?

హాయ్ అండీ, నమస్తే. ఇవాళ టేబుల్ మీద కిలో పైచిలుకు బరువున్న ల్యాప్‌టాప్ ఒకటి, దాని పక్కన యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి. ల్యాప్‌టాప్‌లు సన్నబడి డిస్క్ పెట్టే చోటే లేకుండా పోయింది. బీరువాల్లో పెళ్లి డీవీడీలు మాత్రం అలాగే ఉన్నాయి కదా!

ట్రే బయటికి లాగి, డిస్క్ మధ్యలో బొటనవేలితో నొక్కండి. టక్కుమని కూర్చోవాలి, లేదంటే లోపల గరగరమంటుంది. దీనికి వేరే ఛార్జర్ లేదు, కరెంటంతా యూఎస్‌బీ నుంచే. ఇప్పుడు హబ్‌కి, అంటే ఒక పోర్టుని నాలుగు చేసే డబ్బాకి, పెడుతున్నా చూడండి... లైటు వెలిగింది, టిక్ టిక్‌మంది, కరెంటు చాలక ఆగిపోయింది. అదే నేరుగా ల్యాప్‌టాప్‌కి పెడితే, ఇదిగో, తిరిగింది. యూఎస్‌బీ 2.0 పోర్టు మామూలుగా ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. రెండూ ఉంటే 3.0కే పెట్టండి.

డిస్క్ తిరుగుతున్నా బొమ్మ రాకపోతే డ్రైవ్ పాడైందని రిటర్న్ పెట్టేయకండి. విండోస్ 8 నుంచే మైక్రోసాఫ్ట్ తన ప్లేయర్‌లో డీవీడీలు ఆడించడం మానేసింది. స్టోర్‌లో డబ్బులిచ్చి కొనే యాప్ ఉంది గానీ, నన్నడిగితే దండగ. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ఉచితం. మీడియా మెనూలో ఓపెన్ డిస్క్, ఆపైన ప్లే, అంతే.

తలంబ్రాలు పోస్తున్న ఈ సీన్ చూడండి. కదిలే చేతుల అంచుల వెంట దువ్వెన పళ్లలా గీతలు. మన దగ్గరి డీవీడీ బొమ్మ 720 బై 576. పాత టీవీల పద్ధతిలో సగం గీతలు ముందు, మిగతా సగం తర్వాత రికార్డవుతాయి. కీబోర్డులో డీ నొక్కుతున్నా... పోయాయి. ఇంతసేపూ కెమెరామన్‌ని తిట్టుకున్నవాళ్లు ఇక ఆపేయొచ్చు.

సినిమా డిస్కులకు రీజియన్ గొడవ ఒకటుంది, అంటే ఏ ప్రాంతం డిస్క్ ఆ ప్రాంతానికి సెట్ చేసిన డ్రైవ్‌లోనే ఆడాలని పెట్టిన నంబర్. అమెరికాది 1, ఇండియాది 5. డ్రైవ్‌లో రీజియన్ మార్చడానికి ఐదు ఛాన్సులే, ఆ తర్వాత లాక్ అయిపోతుంది. కాబట్టి రీజియన్ మార్చమంటారా అని విండోస్ అడగ్గానే ఓకే కొట్టకండి. పెళ్లి డిస్కులకు ఈ టెన్షన్ లేదు. లోపలున్న వీడియో_టీఎస్ ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసుకోండి. మామూలు డిస్క్ 4.7 జీబీయే.

ఇక ఫైల్స్. డీవీడీలో ఉండేది ఎంపెగ్-2 అనే పాత రకం వీడియో, సెలెరాన్ లాంటి పాత చవక ప్రాసెసర్ కూడా ఆడించేస్తుంది. ముక్కలు ముక్కలుగా ఆగేది 10 బిట్ హెచ్‌ఈవీసీలో, అంటే వీడియోని బాగా కుదించే కొత్త పద్ధతిలో, ఉన్న 4కే ఫైల్స్‌తోనే. ఇంటెల్ కోర్ అయితే ఏడో తరం నుంచి ఆ పని గ్రాఫిక్స్ చిప్ చూసుకుంటుంది. అంతకు ముందువైతే భారం చాలావరకు ప్రాసెసర్ మీదే, ఫ్యాన్ మోతెక్కిపోతుంది.

రోజూ డిస్కుల్లో సినిమాలు చూసేవాళ్లకి ఈ డ్రైవ్ నేను చెప్పను, రాత్రిపూట దీని చప్పుడు భరించడం కష్టం. బీరువాలోవి కాపీ చేసుకోవడానికైతే కళ్లు మూసుకుని కొనండి, తర్వాత మీ అన్నయ్యకో వదినకో ఇచ్చేయండి, వాళ్లింట్లోనూ ఉంటాయిగా డిస్కులు!