పంటి మొదట్లో గంటు

రమణ: నమస్కారం. పోయినవారం అల్లం టీ గొడవ ఇక ఎత్తకూడదని ఒప్పుకున్నాం కాబట్టి...

సుజాత: మీరే ఎత్తారుగా!

రమణ: సరే, సరే. ఈ రోజు విషయం చిగుళ్ల పక్కన పళ్లు అరిగిపోవడం. కారణాలు, వైద్యం. కానివ్వండి డాక్టరు గారూ.

సుజాత: చిగురు దగ్గర ఎనామెల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, బాగా పలచన. చిగురు పంటి నుంచి వెనక్కి జారితే వేరు బయటపడుతుంది, అది ఇంకా మెత్తన. అక్కడ బ్రష్షును అడ్డంగా, బలంగా లాగితే గొడ్డలి దెబ్బలాంటి గంటు పడుతుంది. గోరు పెడితే తగులుతుంది. కుడిచేతివాళ్లకు తరచుగా ఎడమవైపే ఎక్కువ.

రమణ: మా తాతగారికి ఏ వైపూ లేదు. వేపపుల్ల!

సుజాత: ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను.

రమణ: పుల్ల నమిలితే కుంచెలా మెత్తబడుతుంది కదా?

సుజాత: సరిగా నమిలితే. సగం నమిలి, ఆ మొనతో అడ్డంగా గీకేవాళ్లను రోజూ చూస్తున్నాను. పైగా కచ్చిక బూడిద, ఇటుకపొడి, ఉప్పు, బొగ్గు.

రమణ: బొగ్గు ఇప్పుడు పేస్టులోనే వస్తోంది. అప్పుడు మొరటు, ఇప్పుడు నాగరికమా?

సుజాత: నేను దాన్నీ సమర్థించలేదే! గరుకుగా ఉంటే ఏదైనా అరగదీస్తుంది.

రమణ: తాతగారు ఎనభై దాటినా చెరకు కొరికేవారు.

సుజాత: మీ తాతగారు సోడాలు తాగేవారా?

రమణ: ...లేదు.

సుజాత: మరి! సోడాలోనూ పులుపు ఉంటుంది. పులుపు తగిలిన పంటి పైపొర కాసేపు మెత్తబడుతుంది. నిమ్మరసం తాగి వెంటనే తోముకుంటే ఆ పొరే పోతుంది. నీళ్లు పుక్కిలించి అరగంట ఆగాలి. నిద్రలో పళ్లు కొరికితే ఆ ఒత్తిడికీ మొదట్లో పెచ్చు లేస్తుందంటారు. దానికి 1991లో గ్రిప్పో అనే దంతవైద్యుడు అబ్‌ఫ్రాక్షన్ అని పేరు పెట్టారు. దాని మీద వాదన ఇంకా తెగలేదు.

రమణ: మనలాగే. వైద్యం?

సుజాత: జివ్వుమంటే పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు. గంటు లోతైతే గ్లాస్ అయనోమర్ గానీ కాంపోజిట్ గానీ, అలాంటి పూడిక పదార్థంతో పూడుస్తాం. రుద్దుడు మారకపోతే దాని పక్కనే మళ్లీ గంటు పడుతుంది. మెత్తని బ్రష్షు, చిగురువైపు వాలుగా, చిన్నచిన్న కదలికలు...

రమణ: పుల్లను కూడా వాలుగా పట్టుకోవచ్చుగా?

సుజాత: రమణ గారూ!

రమణ: అడిగాను, అంతే. ఆయన పొద్దున్నే అరుగు మీద కూర్చుని తోముకుంటూ ఊరందరినీ పలకరించేవారు. నాకు గుర్తున్నది పళ్లు కాదు, అదీ...

సుజాత: ఎంతసేపు తోముకునేవారు?

రమణ: ఎవరు ఆగి మాట్లాడారన్నదాన్ని బట్టి.