గుర్రం కాలు అంతెత్తున ఎందుకు లేస్తుంది?

విజయవాడలో పెళ్లి ఊరేగింపు కనబడితే చాలు, నాకు ఒళ్లు మండే మాట ఒకటి వినబడుతుంది: "గుర్రానికి కూడా హుషారొచ్చిందిరా, ఎలా ఆడుతోందో చూడు!" ఆ హుషారు సంగతేంటో ఇవాళ చూద్దాం.

మే నెల, మిట్టమధ్యాహ్నం, బెంజ్ సర్కిల్. మీ చెప్పు తెగింది. తారు రోడ్డు మీద వట్టి కాళ్లతో నాలుగడుగులు వేయండి. కాలు ఆనీ ఆనకముందే పైకి లేస్తుంది కదా? ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తూ "అబ్బ, ఏం స్టెప్పులు!" అంటే ఎలా ఉంటుంది మీకు?

అమెరికాలో టెన్నెసీ వాకింగ్ హార్స్ అని ఒక జాతి ఉంది. వాటి పోటీల కోసం కొందరు ట్రైనర్లు ముందుకాళ్లకు, గిట్టకు కాస్త పైన, కిరోసిన్, ఆవనూనె లాంటివి పూసి చర్మం మండేలా చేస్తారు. ఆ మంట మీద గొలుసు కడతారు. అడుగేసినప్పుడల్లా అది పుండుకు కొట్టుకుంటుంది, కాలు గాల్లోకి లేస్తుంది, జడ్జీలు మురిసిపోతారు. దీన్నే సోరింగ్ అంటారు. బెంజ్ సర్కిల్ తారును గుర్రం కాలికే కట్టేశారన్నమాట. మనమైతే పరుగెత్తి నీడలో నిలబడతాం. దానికి ఆ దారీ లేదు.

1970లో అక్కడ దీని మీద హార్స్ ప్రొటెక్షన్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. నాకు బాగా నచ్చింది మాత్రం 1976 సవరణ. మందు ఎవరు పూశారో, ఎప్పుడు పూశారో సాక్ష్యం ఎవరు చెబుతారు? అందుకే చట్టం కాళ్లనే చూడమంది. ముందుకాళ్లు రెండూ గానీ, వెనక కాళ్లు రెండూ గానీ వాచి ఉన్నా, తాకితే ఉండాల్సినదానికి మించి ఉలిక్కిపడినా సోరింగ్ జరిగినట్టే భావించాలి. ఒక కాలికి దెబ్బ తగిలిందంటే నమ్మొచ్చు, రెండూ ఒకేలా ఎలా మండుతాయండీ?

టైమ్ అయిపోతోంది, మన చట్టం గబగబా చెప్పేస్తా. 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం కొట్టడం, హింసించడం నేరమే. కానీ మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! ఊరేగింపులో గుర్రమబ్బాయి చేతిలో పెట్టే నోట్లే అంతకన్నా ఎక్కువ. చంపినా, అవిటిదాన్ని చేసినా ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు. టికెట్ పెట్టి ఆడించే సర్కస్ గుర్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ముళ్ల కళ్లెం, అంటే నోట్లో గుచ్చుకునే ముళ్లున్న ఇనుము, వాడకూడదని ఆ 1960 చట్టం కింద వచ్చిన 1965 నిబంధనల్లోనే ఉంది.

కాబట్టి పెళ్లికి గుర్రం మాట్లాడేటప్పుడు కళ్లెం తీసి చూపించమనండి. నోట్లో ఉండే ఇనుమును వేలితో తడిమి చూడండి. ముల్లు తగిలితే అడ్వాన్స్ ఇవ్వకండి.