పుదీనా కట్ట, సోయికూర గింజల పొట్లం

అందరికీ నమస్కారం. పొద్దున్నే బజారుకెళ్లి ఒక పుదీనా కట్ట, ఒక సోయికూర గింజల పొట్లం తెచ్చాను. కళ్లకు గంతలు కట్టినా ఏది ఏదో చెప్పేస్తారు. కానీ రెండింటి వాసనకీ ముఖ్య కారణం ఒకే అణువు, కార్వోన్. 10 కార్బన్లు, 14 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. కాకపోతే ఆకారంలో ఒకటి కుడిచెయ్యి అయితే రెండోది ఎడమచెయ్యి, అద్దంలో బొమ్మలా. ముక్కు ఆ తేడాను ఇట్టే పట్టేస్తుంది. దాన్ని కంప్యూటర్‌కి నేర్పబోతే మాత్రం మాకు చుక్కలు కనిపిస్తాయి.

మన ముక్కులో సుమారు 400 రకాల వాసన రిసెప్టర్లున్నాయి, అంటే వాసన అణువులను పట్టుకునే ప్రోటీన్లు. ఈ జన్యువుల కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టారు. 2004లో నోబెల్ వచ్చింది. ఒక్కో రిసెప్టరూ, కణం పైపొరలో ఏడుసార్లు అటూ ఇటూ కుట్టిన దారంలా ఉండే ప్రోటీన్. మధ్యలో చిన్న గుంట. వాసన అణువు చేరేది అక్కడికే.

ఆ గుంట ఎలా ఉంటుందో మనుషుల రిసెప్టర్లలో 2023 దాకా ఎవరూ నేరుగా చూడలేదు. ల్యాబ్‌లో పెంచే కణాల్లో వీటిని తయారుచేస్తే చాలావరకు పైపొర దాకా రావు, లోపలే ఇరుక్కుపోతాయి. అందుకని కంటిలో వెలుతురును పట్టే రొడాప్సిన్ ప్రోటీన్ లాంటి దూరపు చుట్టాల ఆకారం చూసి ఊహించుకునేవాళ్లం. మేనమామ ఫొటో చూసి పెళ్లికొడుకు ముఖం గీసినట్టన్నమాట.

అప్పుడు ఓఆర్51ఈ2 అనే వాసన రిసెప్టర్ దొరికింది. ఇది పేగుల్లో, ప్రోస్టేట్‌లో కూడా ఉంటుంది, ల్యాబ్‌లో కాస్త మాట వింటుంది. అమెరికాలో ఆశిష్ మంగ్లిక్, హిరోఆకి మత్సునామి బృందాలు దాన్ని గడ్డకట్టించి, క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూశాయి. గుంటలో ప్రొపియొనేట్ అనే చిన్న అణువు ఉంది, స్విస్ చీజ్ ఘాటు దీనిదే. దాని ఆమ్లం కొసను ప్రోటీన్ దారంలో 262వ పూస, అంటే ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం, పట్టుకుంది. పొట్టి కార్బన్ తోక ఇరుకు మూలలో సర్దుకుంది. నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి పని. 155, 158 స్థానాల్లోని పెద్ద అమైనో ఆమ్లాల బదులు చిన్నవి పెట్టి గుంటను వెడల్పు చేశారు. అంతకుముందు పట్టించుకోని పొడవు తోకల కొవ్వు ఆమ్లాలకు కూడా రిసెప్టర్ స్పందించింది!

అంటే తాళంకప్ప, తాళంచెవి లెక్కేనా? నేనూ అలాగే అనుకుని దెబ్బతిన్నాను. మొదటిసారి డాకింగ్, అంటే అణువు గుంటలో ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌తో లెక్కగట్టడం, చేసినప్పుడు ప్రోగ్రాం అణువును తలకిందులుగా పెట్టి, దానికే ఫస్ట్ ర్యాంకు ఇచ్చింది. రెండు వారాలు సంబరపడ్డాను. వాసన అణువుల్లో చాలావరకు చిన్నవి, జిడ్డువి, గట్టిగా పట్టుకోవడానికి కొక్కేలు తక్కువ. అందుకే నాలుగు రకాలుగా పెట్టినా స్కోర్లు పక్కపక్కనే వస్తాయి.

పైగా ఈ తాళంకప్ప కదులుతూనే ఉంటుంది. అణువు వచ్చాక గుంట మీది మూతలాంటి భాగం ఎలా సర్దుకుంటుందో చూడాలంటే, కంప్యూటర్‌లో ప్రతి పరమాణువునూ 2 ఫెమ్టోసెకన్లకోసారి జరుపుతూ పోవాలి (ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్లవ వంతు). ఒక్క మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షలవ వంతు, సినిమాకి 50 కోట్ల అడుగులు. అదీ ఒక రిసెప్టర్‌కి, ఒక అణువుకి. కార్వోన్‌కి స్పందించేవి ఒకటి కన్నా ఎక్కువే. ఏవేవి మోగాయన్న కలయిక నుంచి మెదడు ‘పుదీనా’ అని పోల్చుకుంటుంది.

సరే, ఈ కట్టా, పొట్లం వెనక బెంచీల దాకా పంపండి. ఆకు కాస్త నలపండి, గింజ కొరకండి. ఈలోగా నేను తెరమీద ఆ గుంటను తిప్పి చూపిస్తాను.