స్పార్క్ ప్లగ్ ఇంట్లోనే మార్చుకోవాలంటే: పానా చివర్లో, చెయ్యి ముందు

హాయ్ అండీ. డీజిల్ బండి వాళ్లు ఈ వీడియో వదిలేయొచ్చు, మీ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గే ఉండదు. పెట్రోల్ వాళ్లు ఉండండి. మిస్సింగ్ వస్తోందా, పికప్ తగ్గిందా? కారణం ప్లగ్గేనని గ్యారంటీ లేదు గానీ, ముందు చూడాల్సింది దాన్నే. మామూలు నికెల్ ప్లగ్గులు 30, 40 వేల కిలోమీటర్లు, ఇరిడియంవి లక్ష దాకా వస్తాయి.

ఇది నాలుగు సిలిండర్ల మారుతి స్విఫ్ట్, 1.2 పెట్రోల్. నాలుగు ప్లగ్గులు, ఒక్కోదాని నెత్తిన దానికి కరెంటు ఇచ్చే ఒక్కో కాయిల్. ఇంజన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి. ప్లగ్ బిగించే ఇంజన్ పైభాగం, అంటే హెడ్, అల్యూమినియం కదా, వేడి మీద ప్లగ్ విప్పితే మరలు దెబ్బతింటాయి.

కనెక్టర్ లాక్ నొక్కి తీయండి, వైరు పట్టుకుని గుంజకండి. 10 నంబర్ బోల్టు విప్పి, కాయిల్‌ని కాస్త అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. ఆగండి, అప్పుడే సాకెట్ దింపొద్దు! ఆ గుంతలో ఇసుక, దుమ్ము ఉంటాయి. ప్లగ్ ఊడగానే నేరుగా సిలిండర్‌లో పడతాయి. సైకిల్ పంపుతో గట్టిగా గాలి కొట్టండి, చాలు.

గుంతలో ఆయిల్ కనిపిస్తే కంగారు వద్దు. చాలాసార్లు అది టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) దగ్గరి సీలు లీకే. అది చూపించి ఎవరైనా ఇంజన్ బోరింగ్ చేయించాలంటే మాత్రం వెంటనే తలూపకండి.

ఇప్పుడు సాకెట్‌తో పాత ప్లగ్ విప్పి, దాని కొస చూడండి. లేత గోధుమ రంగుంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టిందంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. నూనె తడి ఉంటే లోపలికి ఆయిల్ వస్తోంది.

కొత్త ప్లగ్ కోడ్ మాన్యువల్లో ఉన్నదే కావాలి. ఎన్‌జీకే కంపెనీలో నంబర్ పెరిగితే చల్లటి ప్లగ్ (అంటే వేడిని త్వరగా బయటికి పంపేది), బాష్ కంపెనీలో తగ్గితే చల్లటిది. అంచనాతో కొంటే తిప్పలే.

ఇక అసలు పని. ప్లగ్ వెనక్కి జానెడు పెట్రోల్ పైపు ముక్క తొడిగి గుంతలోకి దించండి. ముందు ఎడమకి తిప్పండి... చిన్నగా 'టిక్' అని కూర్చున్నట్టు తెలుస్తుంది. అక్కణ్ణుంచి కుడికి. మర వంకరగా పట్టిందనుకోండి, పైపు జారిపోతుంది, ప్లగ్ తిరగదు. అదే పానాతో మొదలుపెడితే ఆ వంకర మీ చేతికి తెలీదు, హెడ్ మరలు కోసుకుపోతాయి. రెండొందల ప్లగ్ కోసం వేలల్లో ఖర్చు! చేత్తో మొత్తం బిగిశాక, వాషర్ ఉన్న కొత్త ప్లగ్ అయితే ఇంకో అర చుట్టు, వాషర్ లేని రకమైతే చుట్టులో పదహారో వంతు చాలు. టార్క్ రెంచ్ (ఎంత బిగువో కొలిచే పానా) ఉంటే మాన్యువల్ అంకె పెట్టండి. మరలకి గ్రీజు పూయకండి, దాంతో తెలీకుండానే ఎక్కువ బిగుస్తుంది.

కాయిల్స్ పెట్టి స్టార్ట్ చేయండి. ఇంకా వణుకుతోందా? కనెక్టర్లు మళ్లీ నొక్కి చూడండి. అప్పటికీ బండి లోపాలు చదివే స్కానర్‌లో రెండో సిలిండర్ మిస్‌ఫైర్ (పెట్రోల్ సరిగ్గా మండట్లేదు) అని వస్తే, ఇంజన్ ఆపి, దాని కాయిల్‌ని మూడోదానితో మార్చండి. మిస్‌ఫైర్ మూడోదానికి మారిందంటే పోయింది ఆ కాయిలే. ప్లగ్గుల జోలికి మళ్లీ వెళ్లకండి.