అబద్ధం చెప్పింది స్టార్ అయితే

హోస్ట్: నమస్కారం, నెల్లూరు నుంచి మన పాడ్‌కాస్ట్. ఈ రోజు మన లాయరన్న వచ్చాడు. అన్నా, బ్యారీ బాండ్స్ అని అమెరికా బేస్‌బాల్ స్టార్, 762 హోమ్ రన్లు కొట్టినోడు. తెలిసి కండలు పెంచే స్టెరాయిడ్లు వాడలేదని 2003లో గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలో లేదో తేల్చే పౌరుల బృందం) ముందు ప్రమాణం చేసి చెప్పాడు. అది అబద్ధమని 2007లో కేసు పెట్టి 2015 దాకా లాగారు. జనం డబ్బు దండగే కదా?

లాయర్: దండగ ఎక్కడయిందో చూడు అబ్బయా. అబద్ధపు సాక్ష్యం సంగతి జ్యూరీ తేల్చలేకపోయింది. న్యాయానికి అడ్డుపడ్డాడన్న ఒక్కదాంట్లోనే దోషి అంది. సూదితో ఎక్కించుకునేదేమన్నా ట్రైనర్ ఇచ్చాడా అంటే, పేరున్న ఆటగాడి కొడుకుగా పెరిగిన సంగతులు చెప్పుకొచ్చాడట!

హోస్ట్: (నవ్వు) అడిగిందొకటి, చెప్పిందొకటి.

లాయర్: దానికి 30 రోజుల గృహ నిర్బంధం. 2015లో అప్పీలు కోర్టు దాన్నీ కొట్టేసింది. ఆ ట్రైనరేమో కోర్టు ధిక్కారం కింద ఏడాదికి పైగా జైల్లో కూర్చున్నాడు గానీ నోరు విప్పలా. ముఖ్యమైన సాక్షే నోరు విప్పని కేసును అన్నేళ్లు మోశారు. పెద్ద పేరు కదా, వదలబుద్ధి కాలేదు.

హోస్ట్: అయితే వదిలేయాలంటావా?

లాయర్: అట్టా అన్లేదే! అమెరికా పరుగుల స్టార్ మరియన్ జోన్స్ ఉంది, సిడ్నీ ఒలింపిక్స్‌లో 5 పతకాలు. స్టెరాయిడ్ల గురించీ, ఒక చెక్కుల మోసం గురించీ అధికారులకు అబద్ధం చెప్పానని 2007లో ఒప్పుకుంది. 6 నెలల జైలు. విచారణ ఖర్చే లేదు. ఇంకో బేస్‌బాల్ స్టార్ రోజర్ క్లెమెన్స్ విషయం వేరు. 2008లో అమెరికా కాంగ్రెస్ ముందు అబద్ధమాడాడని కేసు. 2011లో జడ్జి వద్దన్న సాక్ష్యాన్నే ప్రాసిక్యూటర్లు వీడియోలో జ్యూరీకి చూపించారు. విచారణ రద్దు. మళ్లీ మొదట్నించీ నడిపితే 2012లో నిర్దోషి అని తేలింది. ఆ ఖర్చును మాత్రం నేను సమర్థించను.

హోస్ట్: మన దగ్గర?

లాయర్: చట్టం ఉంది. భారతీయ న్యాయ సంహిత 229 సెక్షన్, 7 ఏళ్ల దాకా జైలు. కానీ రోజూ చూసేదేంది? పోలీసులకు పూసగుచ్చినట్టు చెప్పినోడు బోనెక్కి, అవతలి పార్టీ మొహం చూసి ‘నాకేం తెలవదు సార్’ అంటాడు. పీపీ, అంటే ప్రభుత్వ లాయరు, సాక్షి హాస్టైల్ (ఎదురు తిరిగాడు) అని రాయించుకుంటాడు. బంట్రోతు ఇంకో కేసు పిలుస్తాడు. అంతే.

హోస్ట్: రేపు మన క్రికెటరే అట్టా దొరికితే?

లాయర్: ఆధారమేందని అడుగుతా. ల్యాబ్ రిపోర్టో, మందు ఇచ్చినోడి సాక్ష్యమో ఉంటే ఎంత ఖర్చైనా నడపాల్సిందే. లేకపోతే రెండు వాయిదాల్లో మూసేయాల.

హోస్ట్: రెండు వాయిదాలంటే ఏడాది గడిచిపోద్దన్నా!

లాయర్: (నవ్వు) మధ్యలో సెలవులు కూడా కలుపుకో.